గోడ మీద బొమ్మ

మా నాయనమ్మ వేసే పొడుపుకథల్లో గోడ మీద బొమ్మ ఒకటి వుండేది. అదేమిటో విప్పండర్రా అంటే మేం పిల్లలం ఒకరు కాలెండరనీ, ఒకరు దేవుడి పటమనీ, ఇంకొకరు పెళ్ళి ఫోటో అనీ అరిచేవాళ్ళం. జవాబు తేలు! మా పొదిలి చుట్టుపక్కల రాతిగోడలు జాస్తి, రాళ్ళ సందుల్లో తేళ్ళూ జాస్తే. అంచేత ఆ జవాబు మాకు వూహించి చెప్పేది కాదు, వేలు పెట్టి తెలుసుకున్నది. అప్పటినించీ నాకొక అలవాటు పట్టుకుంది. గోడ కనిపిస్తే ఆగి, దాని మీద ఏముందో చూసిగాని ముందుకు కదలను.

ఈ అలవాటు మూలాన బజారులో నాకు కొంత అప్రతిష్ఠ కూడా వచ్చింది. "అయ్యోరు గోడలకు పాఠం చెప్తన్నాడు" అని మా వీధి కుర్రాళ్ళు నవ్వుకుంటారట. నవ్వుకోనివ్వండి. ముప్ఫయ్యేళ్ళకు పైగా బల్లల మీది వాళ్ళకు పాఠం చెప్పినవాణ్ణి. గోడలు నయం, కనీసం ఆవలించవు.

సమీక్ష అనగానే మనకు పుస్తకమో, సినిమానో, పాటకచ్చేరీయో గుర్తుకొస్తుంది. వాటి దగ్గరికి మనం కావాలని వెళ్తాం. నచ్చకపోతే పుస్తకం మూసెయ్యవచ్చు, హాల్లోంచి లేచి రావచ్చు. గోడ మీది బొమ్మతో ఆ వీలు లేదు. దాన్ని మనం పిలవలేదు. అయినా పాలకు పోతూ చూడాలి, బస్సుకు పోతూ చూడాలి, ఆసుపత్రికి పోతూ కూడా చూడాలి. ఏళ్ళ తరబడి చూడాలి. మన మీద ఇంత పెత్తనం చేసే కళకు సమీక్షకుడే లేకపోవడం అన్యాయమని నాకు తోచింది. అందుకని ఈ వారం నేను సమీక్షించేది గోడల్ని.

ముందు మా వూరి గోడల సంగతి చెప్పాలి. పొదిలి, ఒంగోలు నించి కర్నూలు పోయే దారిలో వుంది. 1970లో ఒంగోలు జిల్లా పుట్టేదాకా మేము నెల్లూరు జిల్లా వాళ్ళం. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. మాకు తూర్పుగా నల్ల గ్రానైటు తవ్వే చీమకుర్తి, పడమరగా పలకలు చేసే మార్కాపురం. ఎన్ని జిల్లాల పిల్లలు మార్కాపురం పలక మీద "అ, ఆ"లు దిద్దారో లెక్కలేదు. అటువంటి చోట పుట్టినవాడికి గోడ అంటే ఒక పెద్ద పలక అనిపించడంలో వింతేముంది?

గోడను అలంకరించడం మనకు ఎవరూ నేర్పలేదు. పండగ వస్తే సున్నం, అడుగున జాజు పట్టె. గుడి ప్రహరీకి తెలుపూ ఎరుపూ చారలు. గడపకు పసుపు, దాని మీద కుంకుమబొట్లు. ఇవి వేసిన ఆడవాళ్ళెవరూ తమను చిత్రకారులనుకోలేదు. అంతెందుకు, లేపాక్షి వీరభద్రాలయంలో తలెత్తి చూస్తే పదహారో శతాబ్దం నాటి బొమ్మలు, పార్వతీ కల్యాణమూ కిరాతార్జునీయమూ, ఈనాటికీ కనపడతాయి. ఎక్కువగా మట్టిరంగులే. ఆ చీరె అంచుల్ని చూసి మన నేతగాళ్ళు ఇప్పటికీ ముచ్చటపడతారు. ఆ గుడితో ముడిపడిన విరూపణ్ణ పేరు మనకు తెలుసు. కప్పు కింద మెడలు నొప్పి పుట్టేలా పడుకుని కుంచె పట్టినవాళ్ళ పేర్లు తెలియవు. గోడ కళలో ఈ అలవాటు పాతదన్నమాట. డబ్బిచ్చినవాడి పేరు నిలుస్తుంది, రంగు వేసినవాడి పేరు రాలిపోతుంది.

నా వయసు వాళ్ళకు గోడబొమ్మ అంటే సైను పెయింటరే. పత్తి, మిరప, పొగాకు పండే నేల కాబట్టి మా గోడల నిండా విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు. మిగిలిన చోట సిమెంటు, బీడీలు, సబ్బులు. ఆ పెయింటరు పని చూస్తూ నిలబడితే బడి గంట కూడా వినపడేది కాదు. ముందు ఇనుప బ్రష్షుతో గోడను గీకేవాడు. చౌడు పట్టిన చోట పెళ్ళలు రాల్చి, సున్నం పూసి ఆరనిచ్చేవాడు. నీలిమందులో ముంచిన దారాన్ని ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని, మధ్యలో లాగి టప్పున వదిలితే గోడ మీద నిటారుగా గీత పడేది. ఆ గీతల మధ్య అక్షరాలు నిలబెట్టేవాడు. ఒక్కో అక్షరానికి కుడివైపున నీడ. నీడ పడగానే అక్షరం గోడలోంచి బయటికి వచ్చి నుంచున్నట్టుండేది. మా బళ్ళో కొందరు పిల్లలకు గుణింతాలు నా పాఠం కన్నా ఎరువుల గోడల వల్లే బాగా వచ్చాయంటే నేను చిన్నబుచ్చుకోను. "క్ష" వత్తు తప్పులేకుండా రాసేవాడికి నేను ఎప్పుడూ నమస్కారం పెడతాను.

ఇది చిన్న పని అనుకునేవాళ్ళకు ఒక మాట. ఎం.ఎఫ్. హుస్సేన్ అంతటివాడు కుర్రతనంలో బొంబాయిలో సినిమా హోర్డింగులకు రంగులు వేసి పొట్ట పోసుకున్నవాడే. నిచ్చెన మీద నిలబడి పదడుగుల మొహం గీయడం వస్తే, కాగితం మీద చెయ్యి వణకదు.

తరవాత ఫ్లెక్సీ వచ్చింది. పొద్దున చెప్తే మధ్యాహ్నానికల్లా మిషనులోంచి దొర్లుకుంటూ వస్తుంది. పుట్టినరోజుకూ అదే, పెద్దకర్మకూ అదే. పేరు ఒకటి మార్చుకుంటే చాలు. మా వూరి పెయింటర్లలో కొందరు ఇళ్ళకు సున్నాలు వేసే పనికి మళ్ళారు, కొందరు ఆటోలు తోలుకుంటున్నారు. 2022లో రాష్ట్రప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించింది. అది ఎంతవరకు అమలైందో మీ వీధి మలుపులోకి తొంగిచూస్తే మీకే తెలుస్తుంది, నేను చెప్పనక్కర్లేదు.

సరే, ఇదంతా పొట్టకూటి గోడ. ఈమధ్య పట్నాల్లో ఇంకో రకం గోడ తయారైంది. అందులో అమ్మేదేమీ వుండదు. బొమ్మ కోసమే బొమ్మ.

హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు పనిగట్టుకుని మక్తా చూసి వచ్చాను. ఖైరతాబాదు దాపున, రాజభవన్ రోడ్డుకు దగ్గరలో ఇరుకిరుకు ఇళ్ళ బస్తీ అది. ఎం.ఎస్. మక్తా అంటారు. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ, నగరపాలక సంస్థ తోడ్పాటుతో, అక్కడి ఇళ్ళ గోడలకు పెద్దపెద్ద బొమ్మలు వేయించింది. అంతకుముందు ఇదే సంస్థ ఢిల్లీలోని లోధీ కాలనీలో, అంటే తెల్లదొరలు గవర్నమెంటు ఉద్యోగుల కోసం కట్టించిన క్వార్టర్సులో, ఇటువంటి పనే చేసింది. మక్తాలో వేసినవాళ్ళలో హైదరాబాదు దంపతులు స్వాతి, విజయ్ కూడా వున్నారు. ఆలుమగలు ఒకే గోడ మీద గొడవ లేకుండా పనిచేశారంటే, బొమ్మ చూడకముందే నాకు సగం గౌరవం కలిగింది.

మక్తాకు వెళ్తూ మూడు ప్రశ్నలు జేబులో వేసుకుని వెళ్ళాను. గోడబొమ్మను తూచడానికి ఇవి చాలునని నా నమ్మకం. ఒకటి, వీధిలో నడిచేవాడి కంటికి ఇది ఆనుతుందా? రెండు, ఇంకే గోడకూ పనికిరానంతగా ఈ గోడకే ఇది అతికిందా? మూడు, ఆ ఇంటివాళ్ళు దీన్ని "మా బొమ్మ" అంటారా?

మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు వచ్చింది. మూడంతస్తుల బొమ్మ, మూడు బారల సందు. వెనక్కి జరిగి చూద్దామంటే వీపుకు ఎదురింటి మెట్లు తగులుతాయి. తలెత్తి చూస్తే గెడ్డం పెద్దదిగా, నుదురు చిన్నదిగా కనపడుతుంది. ఎదురు మేడ ఎక్కి ఫోటో తీసేవాడికి అది అద్భుతంగా వుంటుంది. నడిచేవాడికి గెడ్డమే దక్కుతుంది. అయితే అన్నీ అట్లా లేవు సుమండీ. కిటికీనీ, నీళ్ళ పైపునూ దాచెయ్యకుండా తమలోకి కలుపుకున్న బొమ్మలు కొన్ని వున్నాయి. వాటి ముందు నేను చాలాసేపే నుంచున్నాను. గోడ వున్నదాన్ని వున్నట్టు ఒప్పుకున్న బొమ్మ అది. ఇల్లాలు కిటికీ తెరిస్తే బొమ్మ చెడదు, ఇంకాస్త నిండుతుంది. రెండో ప్రశ్నకు అంతకన్న మంచి జవాబు నాకు దొరకలేదు.

మూడో ప్రశ్న ఒక ముసలమ్మను అడిగాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "బొమ్మ బాగుందా అమ్మా?" అన్నాను. "బాగుంటే ఏంది, లేకుంటే ఏంది బిడ్డా. ఆటో వానికి ఇల్లు చెప్పుడు తేలికయ్యింది" అన్నది. కళావిమర్శ గ్రంథాలు రాసేవాళ్ళు ఈ వాక్యాన్ని పట్టించుకోవాలి. అడ్రసే లేని సందుకు ఒక గుర్తు దొరకడం తక్కువ సంగతి కాదు. కాని ఆవిడ "మా బొమ్మ" అనలేదు, అది కూడా గమనించాను. ఆ మొహం ఎవరిదో ఆవిడకు తెలియదు మరి.

చెన్నైలో ఇంకో ముచ్చట జరిగింది. నగరం నడిమధ్య గుడిసెల్లోంచి లేపి, ఎక్కడో దూరంగా తీసుకెళ్ళి దించిన జనం వుండే కణ్ణగి నగర్‌లో కూడా ఇదే సంస్థ బొమ్మలు వేయించింది. అక్కడ ఎ-కిల్ అనే చిత్రకారుడు ఆ కాలనీలోని ఇద్దరు ఆడపిల్లలు నవ్వుతూ వుండగా గోడకెత్తాడు. ఆ పిల్లలు రోజూ ఆ గోడ ముందునించే బడికి పోవచ్చు. అక్కడ "ఈ మొహం ఎవరిది?" అని ఎవరూ అడగనక్కర్లేదు. ఇటువంటి చోట్ల పెద్దమనుషులు ఒక ఆక్షేపణ చేస్తారు: "మురుక్కాలవ బాగుచెయ్యకుండా గోడకు రంగేమిటి?" అని. నిజమే, రంగు కాలవను బాగుచెయ్యదు. కాని కాలవ బాగయ్యేదాకా కళ్ళు మూసుకోమనడం కూడా న్యాయం కాదు. రెండూ అడగాలి. రంగు వచ్చింది గదా అని కాలవ మాట మానెయ్యకుండా వుంటే చాలు.

ఇంతకీ గోడ ఎవరిది? ఈ ప్రశ్న మీద పెద్ద పెద్ద యుద్ధాలే జరిగాయి. మెక్సికో దేశంలో విప్లవం అయ్యాక, 1920ల్లో, చదువురాని జనానికి దేశచరిత్ర చెప్పడానికి అక్కడి విద్యామంత్రి వాస్కన్‌సెలోస్ ప్రభుత్వ భవనాల గోడల్ని చిత్రకారులకు అప్పగించాడు. డీగో రివెరా వాళ్ళలో గొప్పవాడు. ఆయన పేరు విని న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ షావుకార్లు తమ కొత్త భవనంలో బొమ్మ వెయ్యమని పిలిచారు. రివెరా అందులో లెనిన్ మొహం పెట్టాడు. తియ్యమన్నారు. తియ్యనన్నాడు. 1933లో పని ఆపించి లెక్క ముట్టజెప్పి పంపేశారు, 1934లో గోడను సుత్తులతో కొట్టించేశారు. ఆయన స్వదేశం వెళ్ళి అదే బొమ్మను మెక్సికో నగరంలో మళ్ళీ వేశాడు. బొమ్మ రివెరాది, గోడ రాక్‌ఫెల్లరుది. చూసే హక్కు వీధిలో జనానిది. ముగ్గురిలో జనాన్నే ఎవరూ అడగలేదు.

మనకూ ఈ తగాదా లేకపోలేదు. పంచాయతీ భవనాలకు అధికారపార్టీ జెండా రంగులు వేశారన్న వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2020 మార్చిలో కోర్టు ఆ రంగులు తీసెయ్యమంది. సుప్రీంకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. ఏ పార్టీ వచ్చినా గోడ మీద చెయ్యి వెయ్యకుండా వుండలేదు లెండి. ఎవరి రంగు వాళ్ళకు ముద్దు. ఆ తీర్పు చదివినప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. గోడకు పూసింది వుత్త రంగే అయినా దాన్ని జనం చదువుతారని ఇంత పెద్ద కోర్టులు ఒప్పుకున్నాయి. కళావిమర్శకుడికి అంతకన్న గౌరవం ఏం కావాలి?

ఇక మా బడి గోడలు. "మనబడి నాడు-నేడు" అనే పథకం 2019 నవంబరు 14న మా ఒంగోలులోనే మొదలైంది. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, ఫ్యాన్లు, బల్లలతోపాటు బడికంతటికీ రంగులు వెయ్యడం కూడా అందులో ఒక పని. అప్పుడు మా ప్రాంతంలో చాలా బళ్ళకు బొమ్మలు పడ్డాయి. సూర్యకుటుంబం, ఆవర్తన పట్టిక, గాంధీగారు, కలాంగారు, జలపాతం. ఏ వూరి బడికి పోయినా అదే జలపాతం, అదే జింక. ఒకే నమూనా పుస్తకం నించి దిగినట్టు వుంటాయి. వేసవి వస్తే నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే మా వూళ్ళో, బొమ్మల్లో నీళ్ళకు మాత్రం కరువు లేదు. నా రెండో ప్రశ్నకు ఈ జలపాతాలు నిలబడవు. ఎక్కడైనా అతుకుతాయి గనక ఎక్కడా అతకవు.

ఒక్క బొమ్మ మాత్రం నన్ను ఓడించింది. ఒక బడిలో వరసగా వున్న తరగతిగదుల్ని రైలుపెట్టెల్లాగా రంగువేశారు. ఇదీ చాలా చోట్ల వేసేదే, కొత్తదేం కాదు. కాని మా సంగతి వేరు. నడికుడి నించి శ్రీకాళహస్తికి, మా పొదిలి మీదుగా, మూడువందల పైచిలుకు కిలోమీటర్ల రైలుమార్గం 2011-12లో మంజూరైంది. బడికి రంగులు వేసేనాటికి పొదిలిలో రైలు కూత వినపడలేదు. "నీది ఏ క్లాసురా?" అని ఒక బుడతణ్ణి అడిగితే, "నాది మూడో పెట్టె సార్" అన్నాడు. పక్కవాడు "వీడు టిక్కెట్టు లేకండా ఎక్కాడు సార్, హోంవర్కు చెయ్యలా" అన్నాడు. మూడో ప్రశ్నకు ఇంతకన్న గట్టి జవాబు హైదరాబాదులో కూడా దొరకలేదు నాకు. నమూనా పుస్తకం నించి దిగిన బొమ్మను పిల్లలు తమది చేసేసుకున్నారు. సమీక్షకుడి లెక్కలు అప్పుడప్పుడు ఇట్లా తలకిందులు కావాలి. మంచిదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇదంతా రాయడానికి కారణమైన గోడ ఒకటుంది.

మా అక్కను చేసుకున్న బావ ఇల్లు రోడ్డు మలుపులో వుంది. ప్రహరీగోడ పొడవాటిది. రోడ్డువైపు పెద్ద భాగం, మలుపు తిరిగి సందులోకి చిన్న భాగం. మూడేళ్ళనాడు, పని లేని వానాకాలంలో, ఆ సందులోనే వుండే పాత సైను పెయింటరొకాయన వచ్చి, "రంగు మిగిలుంది పెద్దాయనా, గోడ ఖాళీగుంది, ఏదన్నా ఏసుకుంటా" అన్నాడట. బావ సరేనన్నాడు. ఆయన పదిరోజులు కూర్చుని మిరప కల్లం వేశాడు. పరిచిన కాయలు, అటూ ఇటూ వంగి తాలు ఏరుతున్న ఆడవాళ్ళు, ఒక మూలగా కట్టి నిలబెట్టిన టిక్కీలు, దూరంగా ఒక కొండ.

అది మొదటిసారి చూసినప్పుడు నేను పెదవి విరిచాను. ఏ ఒక్క మనిషికీ మొహం లేదు. "మొహాలు గీయడం కష్టమని తప్పించుకున్నావేమయ్యా?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "అది కాదయ్యోరూ. కల్లంలో ఘాటుకి ముక్కూ మూతీ గుడ్డతో చుట్టుకుంటారు గదా. మొహం యాడ కనపడుద్ది? చేతులు సూడండి" అన్నాడు. చూశాను. ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఎనిమిది రకాల చేతులు. ఒకామెది ఎడమచేతి వాటం. ఒకామె వేళ్ళకు చింకిపాత చుట్టుకుంది. ఒకామె తన ముందరి కాయలు వదిలేసి పక్కన పాకే బిడ్డ కాలు పట్టుకుని లాగుతోంది. మా వీధి ఆడవాళ్ళు ఆ చేతుల్ని చూసే ఎవరెవరో పోల్చుకున్నారు. కాయల ఎరుపు కూడా ఒకటే ఎరుపు కాదు. కింద జాజు పూసి, దాని మీద ఎర్రరంగు తేల్చి వేశాడు. అక్కడక్కడ తాలుకాయ పాలిపోయి తెల్లగా. పొద్దుగూకే వేళ పడమటెండ పడితే ఆ గోడ ముందు నుంచున్నవాడికి తుమ్ము రావలసిందే!

ఒక్క తప్పు వుంది. వెనకాల కొండకు నీలం రంగు వేసి, కొన మీద మంచు పెట్టాడు. తలెత్తితే గోడ పైనించి పొదిలి కొండ కనపడుతూనే వుంది. అదేమో ఎండిన గడ్డితో, బండలతో, గోధుమరంగులో. "మనకు మంచెక్కడిదయ్యా?" అన్నాను. "కాలెండర్లలో కొండంటే అట్టాగే గదయ్యోరూ" అన్నాడు గాని, మర్నాటికి మంచు మాయమైంది. గోడ పైది అసలు కొండ, గోడ మీదిది బొమ్మ కొండ, రెండూ ఒకే గీతలో కలిశాయి. నా జన్మలో నేను చేసిన విమర్శల్లో ఫలించింది ఇదొక్కటే.

మూడేళ్ళు ఆ గోడ మా వీధికి గుర్తుగా వుంది. "కల్లం మలుపు" అనేవాళ్ళు. మొన్న పంటకాలానికి ముందు ఒక విత్తనాల కంపెనీ మనిషి వచ్చాడు. రోడ్డువైపు గోడ ఇస్తే ఏడాదికింతని ఇస్తామన్నాడు. బావ నన్ను పిలిపించాడు.

"ఏమయ్యా, నువ్వు పత్రికలకు రాస్తావు గదా. చెప్పు. ఈ బొమ్మ వుంచమంటావా, కొట్టెయ్యమంటావా?"

నేను నా మూడు ప్రశ్నలూ తీశాను. నడిచేవాడికి ఆనుతుంది. ఈ గోడకు తప్ప ఇంకో గోడకు పనికిరాదు, ఎందుకంటే కొండ వెనకే వుంది. వీధి అంతా మా బొమ్మ అంటోంది. మక్తాలో బొమ్మలకు ఏమాత్రం తీసిపోదు. లేపాక్షి నించి మెక్సికో దాకా అన్నీ చెప్పాను. బావ ఓపిగ్గానే విన్నాడు. విని, "అంతా బాగుందిగాని, పిల్ల నర్సింగు కాలేజీ ఫీజు నీ మెచ్చుకోలు కట్టుద్దా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అది నాలుగో ప్రశ్న. నా జేబులో పెట్టుకోవడం మర్చిపోయిన ప్రశ్న. బొమ్మ నిలవడానికి ఎవరు ఖర్చు పెట్టుకోవాలి? నేను ఆ పూట మాట్లాడినంతసేపూ నా చెయ్యి జేబులోకి పోలేదన్న మాట దాచను. పెన్షనుదారుణ్ణే, కాదనను. కాని వీధిలో ఇరవై ఇళ్ళున్నాయి. ఇంటింటికీ తిరిగి నెలకు కాస్త కాస్త అడిగితే కంపెనీ ఇచ్చేదానికి సగమన్నా వచ్చేదేమో. అడగాలని నాకప్పుడు తోచలేదు. మెచ్చుకోవడంలో మునిగి వున్నాను.

బావ గోడ ఇచ్చేశాడు. తమాషా ఏమిటంటే, కంపెనీవాళ్ళు ఆ పనికి పిలిచింది మా పెయింటరునే. నేను ఆయన దగ్గరికి వెళ్ళి, "నీ చేత్తో నువ్వే ఎట్టా కొట్టేస్తావయ్యా?" అన్నాను. ఆయన సున్నం కలుపుతూ, "ఇంకోడు కొడితే సరిగ్గా కొట్టడయ్యోరూ. రెండు పూతలేసి పోతాడు. నాకయితే నాలుగు రోజుల కూలి, అడుగు లెక్కన. చాన్నాళ్ళకి అక్షరాల పని దొరికింది" అన్నాడు. ఆ మాటలో ఏడుపు లేదు. నేనే ఏడుపు వెతుక్కున్నాను.

రోడ్డువైపు ఇప్పుడు పసుపుపచ్చ గోడ, ఆకుపచ్చ అక్షరాలు. న్యాయంగా చెప్పాలంటే అవీ చక్కగా వున్నాయి. వత్తులు తప్పలేదు, నీడలు సరిగ్గా పడ్డాయి. సమీక్షకుడు కోపంలో అబద్ధం చెప్పకూడదు. సందులోకి తిరిగే చిన్న భాగం కంపెనీ లెక్కలో లేదు కాబట్టి ఆయన దాని జోలికి పోలేదు. అక్కడ ఎడమచేతి వాటం ఆమె, కొన్ని కాయలు, బిడ్డ కాలు మిగిలాయి. కాలు వుంది, బిడ్డ సున్నం కిందికి పోయింది. ఇప్పుడు వీధి పిల్లలు ఆ బిడ్డ ఎటు పోయాడో కథలు చెప్పుకుంటున్నారు.

పని ముగించి నిచ్చెన దించేటప్పుడు ఆయనన్న మాట ఒకటుంది. "ఎరుపు వూరుకోదయ్యోరూ. ఎన్ని పూతలేసినా అడుగున జాజుంది. గట్టిగా రెండు వానలు పడనీండి."

ఈ యేడు మా వైపు వానలు బాగానే పడ్డాయి. నిన్న పాలకు పోతూ చూశాను. విత్తనాల కంపెనీ పేరులో మూడో అక్షరం కింద పసుపు పొరలోంచి ఎర్రగా ఒక మరక పైకి వస్తోంది. అది కాయల కుప్ప వుండిన చోటు. బావకు చూపించాను. "కంపెనీవాడు చూస్తే మళ్ళీ పూయమంటాడు" అన్నాడు. పూయమంటే పూస్తాడు మా పెయింటరు, మళ్ళీ కూలి వస్తుంది. నేను మాత్రం ఇంటికి వచ్చి ఒక తెల్లకాగితం మీద వీధిలో ఇరవై ఇళ్ళ పేర్లూ రాశాను. ఏడాది గడువు తీరేనాటికి, ఇంటికింత చొప్పున వసూలు చేసి బావకు ఇద్దామని. మొదటి పేరు నాదే రాసుకున్నాను, ఎదురుగా అంకె కూడా వేశాను. రెండో ఇంటి తలుపు ఇవాళ సాయంత్రం తట్టాలి.